అత్తగారితో క్వారంటైన్

ఆయన లిఫ్టు మెకానిక్. ఎత్తైన భవనాల కాపలావాళ్ళలో ఎవరికీ ఆయన అసలు పేరు తెలియదు. "లిఫ్టాయనకి ఫోన్ కొట్టండి" అంటే సరిపోయేది. పెళ్ళయ్యాక ఇంటివాళ్ళకూ అదే అలవాటైంది. మనిషి పొట్టి, భుజాలు వెడల్పు, ఎంత రుద్ది కడిగినా గోళ్ళ అంచుల్లో గ్రీజు నలుపు. పనికి వెళ్ళిన చోట ముందుగా సంచి విప్పడు. లిఫ్టును ఒకసారి పైకీ కిందకీ నడిపించమని, తలుపు మీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని వింటాడు. జబ్బు ఎక్కడుందో చెవికి అందాకే పానా బయటికి తీస్తాడు.

భార్య కూడా ఆయనకు లిఫ్టులోనే దొరికింది. అప్పట్లో ఆమె ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షనిస్టు. కరెంటు పోయి రెండంతస్తుల మధ్య ఇరుక్కుపోతే ఈయన వచ్చాడు. మూసిన తలుపు ఇవతల నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, కరెంటు వచ్చేదాకా కబుర్లు చెప్పాడు. "పడిపోదు కదండీ?" అని ఆమె అడిగితే, "పడితే కిందకి పోయి నేనే పట్టుకుంటాను లెండి" అన్నాడట. అలా మొదలైంది. ఆమె ఇప్పటికీ అదే డాక్టరు దగ్గర పనిచేస్తోంది. ఎవరి పన్ను ఎప్పుడు పీకాలో, ఎవరిని ఏ రోజుకు జరపాలో ఆమె చేతిలో పని.

కరోనా రోజుల్లో ఊరంతా తలుపులు వేసుకుని కూర్చుంటే లిఫ్టాయనకు క్షణం తీరిక లేదు. ఆసుపత్రుల్లో స్ట్రెచర్లు ఎక్కే లిఫ్టులు ఆగకూడదు. తల నుంచి కాలి దాకా ప్లాస్టిక్ తొడుగు వేసుకుని, చెమటలో నానిపోతూ, మోటారు గదుల్లో పనిచేశాడు. ఇంటికొచ్చి ఎవరికీ తగలకుండా స్నానం చేసి, పక్క గదిలో ఒంటరిగా పడుకునేవాడు. పదేళ్ళ కూతురు గుమ్మం దగ్గర నిలబడి ఆ రోజు సంగతులు చెప్పేది. ఒకరోజు ఆ పిల్ల, "నాన్నా, ఇదంతా అయిపోయాక విమానం ఎక్కి సముద్రం ఉన్న ఊరికి పోదాం. నువ్వు సంచి తేకూడదు" అంది. లిఫ్టాయన సరేనన్నాడు. ఆ ఒక్క మాటను ఆయన భార్య గట్టిగా పట్టుకుంది.

ఏ ఊరు వెళ్ళాలన్నది అత్తగారు తేల్చింది. పరాయి దేశంలో ఒక తీరం ఊరు. ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరు. భర్త పోయాక కూతురి దగ్గరే ఉంటోంది. "ఆ తీరం ఊరికి నేను ఎన్ని ట్రంకు కాల్స్ కలిపానో లెక్కే లేదు. ఊరు మాత్రం కంటితో చూడలేదే" అంది. ఎదురుగా అల్లుడు కూర్చుని ఉన్నా, కూతురితోనే అంది.

అత్తకూ అల్లుడికీ మాటల్లేవని కాదు, నేరుగా లేవు. పెళ్ళిచూపుల నాడు ఆవిడ, "పోయిపోయి లిఫ్టులో దొరికిన సంబంధమా" అని పక్కింటావిడతో అన్న మాట ఈయన చెవిలో పడింది. ఈయన నవ్వేసి మర్చిపోయాడు. ఈయన విన్నాడని తెలిసిన ఆవిడ మాత్రం మర్చిపోలేక సిగ్గుపడుతూ ఉండిపోయింది. ఈయనా స్వతహాగా మొహమాటస్తుడు. "ఆయన టీ తాగుతారేమో అడుగు" అని ఆవిడ కూతురికి చెబితే, "ఇప్పుడే తాగానని చెప్పు" అని ఈయన గోడకు చెప్పినట్టు చెప్పేవాడు. మధ్యలో నిలబడిన భార్యకు ఒళ్ళు మండేది.

"నేనేమన్నా దుబాసీనా? మీ ఇద్దరూ ఒకే భాష మాట్లాడతారు!"

ప్రయాణం మాట ఎత్తడమే తేలిక. వెళ్ళబోయే దేశం నియమాలు ఒకరకం, వదిలి వెళ్ళే దేశానివి ఇంకోరకం, మధ్యలో విమానం మారే దేశానివి మరోరకం. దేశాలన్నిటికీ రంగులు వేశారు. ఆకుపచ్చ అయితే వెళ్ళొచ్చు, పసుపు అయితే పరీక్షలు, ఎరుపు అయితే ఇంట్లో కూర్చోవడమే. ఆమె మధ్యాహ్నం డాక్టరు భోజనానికి వెళ్ళగానే వెబ్‌సైట్లు తెరిచేది. పొద్దున ఆకుపచ్చగా ఉన్న దేశం ఆమె టికెట్లు కొనే వేళకు పసుపెక్కిపోయేది.

"మళ్ళీ పసుపా?" అనేవాడు లిఫ్టాయన. "పాపం, దేశానికి కామెర్లొచ్చినట్టున్నాయి."

"నవ్వండి నవ్వండి. ముక్కులో పుల్ల పెట్టినప్పుడు తెలుస్తుంది."

అత్తగారి టీకా సర్టిఫికెట్టు ఒక తంటా పెట్టింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు చివర ఉంటే అందులో ముందుంది. సరిచేయించడానికి తల్లినీ కూతురినీ ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తిప్పారు. "పేరు అదేనండీ, తిరగేసి రాశారంతే" అని కూతురు ఎంత చెప్పినా గుమాస్తా తల అడ్డంగానే ఊపాడు. చివరికి అత్తగారు మాస్కు సర్దుకుని, "మనిషి తిన్నగానే నిలబడింది నాయనా, మీ కాయితమే శీర్షాసనం వేసింది" అంది. వరసలో ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. గుమాస్తా కూడా నవ్వేసి, లోపలికి తీసుకెళ్ళి మార్చి ఇచ్చాడు.

ప్రయాణం రెండుసార్లు వాయిదా పడి, మూడోసారికి కుదిరింది. ఆమె ప్రతి కాగితాన్నీ ఫోన్‌లో దాచింది. అది చాలదన్నట్టు అన్నిటినీ ప్రింటు తీసి, పిల్లల స్కూలు ఫైలంత లావు ఫైలు కట్టింది. విమానాశ్రయంలో ఎవరు కనిపించినా ఆ ఫైలు తెరవబోయేది. లిఫ్టాయన ఆపి, "అతను నేల తుడిచే మనిషే" అనాల్సి వచ్చింది.

ఆ తీరం ఊళ్ళో దిగగానే అందరి ముక్కుల్లోనూ మళ్ళీ పుల్లలు పెట్టారు. ఫలితం వచ్చేదాకా హోటల్ గది దాటకూడదన్నారు. కిటికీ లోంచి సముద్రం నీలంగా కనిపిస్తుంటే పిల్ల గాజుకు ముక్కు ఆనించి నిలబడింది. తోచక, వెంట తెచ్చుకున్న గోళ్ళరంగు తీసి అమ్మమ్మ రెండు చేతులకూ ముదురు నీలం వేసింది. "సముద్రం రంగు" అంది. అమ్మమ్మ చేతులు చాపుకుని మురిసిపోయింది.

మర్నాడు ఫలితాలొచ్చాయి. భార్యకూ పిల్లకూ ఏమీ లేదు. లిఫ్టాయనకూ అత్తగారికీ ఉంది.

హోటల్ మేనేజరు ఒక కుర్రపిల్ల. ముఖానికి ప్లాస్టిక్ తెర కట్టుకుని వచ్చి, వసారాలో దూరంగా నిలబడి నియమం చెప్పింది. ఉన్నవాళ్ళు పై అంతస్తులో విడిగా ఉండాలి. లేనివాళ్ళు టీకా వేసుకున్నారు కాబట్టి తిరగొచ్చు, పిల్లకు టీకా అక్కర్లేదు. పై అంతస్తులో ఒకే ఒక్క వాటా ఖాళీ ఉంది. రెండు గదులు, మధ్యలో తలుపు.

భార్య మొగుణ్ణి చూసింది, తల్లిని చూసింది. భయం ఉంది, ఏడుపొస్తోంది, అయినా నవ్వు ఆగలేదు.

"అమ్మా, పైన దుబాసీ ఉండదు. ఏం చేస్తారో చేసుకోండి."

"నాకు మెట్ల కింద చాప వేసినా చాలని చెప్పు" అన్నాడు లిఫ్టాయన.

"మెట్ల కింద వైరస్‌ని ఉంచకూడదటండీ. రూలు."

పై వాటాలో మొదటి రోజు పరమ మర్యాదగా గడిచింది. మధ్య తలుపు మూసి ఉంది. బయట భోజనం పళ్ళేలు పెట్టి, గంట కొట్టి వెళ్ళిపోయేవారు. గంట మోగగానే ఇద్దరూ ఒకేసారి తమ తమ తలుపులు తెరిచి, ఒకరినొకరు చూసి, "మీరు కానివ్వండి" అన్నట్టు వెనక్కి తగ్గి ఇద్దరూ తలుపులు వేసేసుకునేవారు. సూపు చల్లారిపోయింది. లిఫ్టాయనకు కొంచెం జ్వరం, వాసన తెలియడం లేదు. అవతల ఆవిడ దగ్గు వినిపించినప్పుడల్లా లేచి కూర్చుంటున్నాడు. వెళ్ళి అడగడానికి మాత్రం కాలు రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన మంచం పక్కనున్న ఫోన్ మోగింది. ఎత్తగానే తొందరలేని, స్పష్టమైన గొంతు ఒకటి పలికింది. అలాంటి గొంతు ఇంట్లో ఆయన ఎన్నడూ వినలేదు.

"నమస్కారం. పక్క గది నుంచి మాట్లాడుతున్నాను. మీకు జ్వరం ఎలా ఉంది?"

లిఫ్టాయన నిటారుగా కూర్చున్నాడు. "తగ్గిందండీ. మీకండీ?"

"గొంతులో గరగర తప్ప ఏం లేదు. రాత్రి బాగానే నిద్రపట్టింది." గొంతు సవరించుకుంది. "ఫోన్‌లో అయితే నాకు మాటొస్తుంది అల్లుడుగారూ. ఎదురుగా ఉంటే రాదు. ఉద్యోగం అలాంటిది."

ఆయనా ఉన్నమాట చెప్పేశాడు. "మనిషి తలుపు అవతల ఉంటేనే నాకూ మాటొచ్చేదండీ. నా ఉద్యోగమూ అలాంటిదే."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వు ఫోన్‌లోంచీ తలుపు సందులోంచీ కలిసి వినిపించింది.

ఆ రోజు మొదలు ఇద్దరూ ఫోన్ పెట్టేయడమే తగ్గించారు. ఆవిడ ఎక్స్ఛేంజి కబుర్లు చెప్పేది. మాట మొదలెట్టక ముందే, గొంతు సవరించుకునే తీరులోనే అవతలివాళ్ళది శుభవార్తో అశుభమో తెలిసిపోయేదట. "నాకూ అంతేనండీ" అనేవాడు ఈయన. "ఇప్పుడు గోడ వెనక లిఫ్టు కిందకి పోతోంది చూడండి. ఆగే ముందు చిన్న మూలుగు. విన్నారా?" ఆవిడ చెవి గోడకు ఆనించేది. "విన్నాను! ముసలాయన కుర్చీలో కూలబడ్డట్టుంది." "అదే అదే!" అని ఈయన ఇవతల చేతులు ఊపేవాడు.

ఒకరోజు ఆవిడ ఈ ఊరి సంగతి చెప్పింది. అప్పట్లో ఒకామె వారం వారం ఈ ఊళ్ళో ఉన్న తన చెల్లెలికి ఫోన్ చేసేది. మాటలన్నీ అయిపోయాక, "ఒకసారి కిటికీ దగ్గర పెట్టవే" అనేది. చెల్లెలు రిసీవరు కిటికీ బయటికి పట్టుకునేది. అలల చప్పుడు వచ్చేది.

"లైను కలిపాక నేను వినకూడదండీ. పక్క లైను చూసుకోవాలి. కానీ ఆ కాల్ ఒక్కటీ వదిలేదాన్ని కాదు. హెడ్‌ఫోన్ చెవికి నొక్కి పెట్టుకునేదాన్ని. తీరా ఇప్పుడు ఊరు దాకా వచ్చాక, ఈ గాజు కిటికీ తెరుచుకోదట. బొమ్మ కనబడుతోంది, చప్పుడు లేదు."

ఆ మాట లిఫ్టాయన మనసులో నాటుకుంది. కానీ దాని సంగతి చూసే లోపల ఇంకో గండం వచ్చి పడింది.

వేలికి తగిలించుకుని ఆక్సిజన్ చూసుకునే చిన్న క్లిప్పు ఒకటి హోటల్‌వాళ్ళు ఇచ్చారు. సాయంత్రం టీ అయ్యాక ఎవరి అంకె వాళ్ళు ఫోన్‌లో చెప్పుకోవాలని ఒప్పందం. ఆ పూట ఆవిడ చెప్పిన అంకె లిఫ్టాయనకు మరీ తక్కువగా తోచింది. వేలు మార్చి చూడమన్నాడు. అదే అంకె. రెండో చెయ్యి చూడమన్నాడు. ఇంకా తక్కువ. రిసీవరు మంచం మీద పడేసి, ఇన్నాళ్ళూ మూసి ఉన్న మధ్య తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు.

ఆవిడ కుర్చీలో కూర్చుని, క్లిప్పు తగిలించిన వేలు పైకెత్తి పట్టుకుని ఉంది. ముఖం పాలిపోయింది. "ఆయాసంగా ఉందాండీ? గుండెల్లో బరువుగా ఉందా?" అని అడుగుతూనే హోటల్‌వాళ్ళు ఇచ్చిన డాక్టరు నంబరు నొక్కాడు. రెండేళ్ళుగా ఆసుపత్రుల్లో చూసినవన్నీ కళ్ళముందు తిరిగాయి.

డాక్టరు అన్నీ నెమ్మదిగా అడిగాడు. దగ్గు ఎలా ఉంది, నడిస్తే ఆయాసం వస్తోందా, మాట తడబడుతోందా. అన్నిటికీ లేదు, లేదు అనే జవాబు. చివరికి డాక్టరు, "ఆవిడ గోళ్ళకి రంగేమైనా ఉందా?" అన్నాడు.

లిఫ్టాయన అత్తగారి చేతులు చూశాడు. పది వేళ్ళకూ ముదురు నీలం.

"మా అమ్మాయి వేసిందండీ" అన్నాడు నీరసంగా. "సముద్రం రంగట."

ముదురు రంగుంటే ఆ పరికరం తప్పు చూపిస్తుందనీ, తుడిచేసి మళ్ళీ చూడమనీ, తగ్గితే వెంటనే ఫోన్ చెయ్యమనీ చెప్పి డాక్టరు పెట్టేశాడు. రంగు తుడిచే మందు, దూదీ కింద నుంచి వచ్చాయి. అత్తగారు సీసా మూత తియ్యలేకపోయింది. లిఫ్టాయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఇలా ఇవ్వండి. గ్రీజు తుడిచీ తుడిచీ నాకు అలవాటే."

ఆవిడ ఒక్క క్షణం తటపటాయించి చెయ్యి ఇచ్చింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ చెయ్యి ఆయన ఎప్పుడూ ముట్టుకోలేదు. తేలికగా, చల్లగా ఉంది. ఒక్కో గోరూ నిదానంగా, అంచుల దాకా తుడిచాడు. చూపుడువేలు శుభ్రం కాగానే క్లిప్పు పెట్టారు. అంకె మెల్లగా ఎక్కి, ఉండాల్సిన చోట నిలబడింది. ఇద్దరూ ఒకేసారి గట్టిగా ఊపిరి వదిలారు.

"నేను పోతాననుకున్నారా?" అంది ఆవిడ.

"మీ అమ్మాయికి ఏం జవాబు చెప్పాలా అనుకున్నానండీ."

ఆవిడకు నవ్వు ముంచుకొచ్చి దగ్గయింది, దగ్గు మళ్ళీ నవ్వయింది. మిగిలిన వేళ్ళు కూడా చాపుతూ, "మీరు నన్ను అండీ గిండీ అనకండి బాబూ. కొడుకు వయసువాడు అలా అంటుంటే పై అధికారి ముందు నిలబడ్డట్టుంది" అంది. ఆ రోజు తర్వాత మధ్య తలుపు మూయలేదు.

మర్నాడు పొద్దున లిఫ్టాయన గొంతు తగ్గించి భార్యకు ఫోన్‌లో ఒక పని చెప్పాడు. కాసేపటికి అత్తగారి మంచం పక్క ఫోన్ మోగింది. ఎత్తితే ఎవరూ మాట్లాడలేదు. సన్నగా గాలి. తర్వాత నీళ్ళు ఇసుకను ఈడ్చుకుంటూ వెనక్కి వెళ్ళే చప్పుడు, మళ్ళీ ముందుకొచ్చి విరిగే చప్పుడు. ఆవిడ రిసీవరును రెండు చేతులతో చెవికి నొక్కి పెట్టుకుని, కదలకుండా కూర్చుంది. గుమ్మంలో నిలబడ్డ అల్లుణ్ణి చూడలేదు.

ఇంతలో పిల్ల గొంతు అందుకుంది. "అమ్మమ్మా! వినిపిస్తోందా? పెద్దది వస్తోంది ఆగు! నాన్న చెయ్యమన్నాడు! నాన్న చెప్పాడని చెప్పొద్దన్నాడు!" ఆ పెద్దది నిజంగానే వచ్చింది. ఒక కేక, బుడబుడమని చప్పుడు, లైను పోయింది.

భార్య ఫోన్ సముద్రంలో పడింది. తీశారు గానీ ఇక పనిచెయ్యలేదు. అందులో ఉన్న టికెట్లు, టీకా సర్టిఫికెట్లు, పరీక్షల ఫలితాలు అన్నీ పోయాయి. భార్య కింద నుంచి హోటల్ ఫోన్‌లో మొగుణ్ణి దులిపేసింది. చివర్లో ఆమె గొంతులో మాత్రం విజయం పలికింది. "ప్రింట్లెందుకు, కాయితం దండగ అన్నారుగా? ఇప్పుడు చెప్పండి!" లిఫ్టాయన తప్పు ఒప్పుకున్నాడు. పక్క గదిలోంచి అత్తగారు వచ్చి, "దాన్ని నేను చూసుకుంటాను, ఇలా ఇవ్వు బాబూ" అని రిసీవరు లాక్కుని, అల్లుడి తరఫున కూతురితో వాదించింది. అవతల కూతురు, "అమ్మా, నువ్వేనా మాట్లాడేది?" అంది.

సెలవుల ఆఖరి రోజుల్లో ఇద్దరికీ నయమైందని కాగితం ఇచ్చారు. నలుగురూ కలిసి సముద్రానికి వెళ్ళారు. అత్తగారు చీర కుచ్చెళ్ళు ఎత్తిపట్టుకుని మోకాళ్ళ దాకా నీళ్ళలో దిగింది. లిఫ్టాయనకు అప్పుడే వాసన తిరిగొస్తోంది. ఉప్పు, నాచు, తడి తాడు వాసన. "తెలుస్తోంది! తెలుస్తోంది!" అని అందరికీ చెప్పుకుంటూ తిరిగాడు. ఐస్‌క్రీం తిన్నారు, ఇసుకలో కూలబడి ఎండకు కమిలిపోయారు. పేరున్న చోట్లు వేటికీ వెళ్ళలేదు. ఎవరికీ ఆ లోటు అనిపించలేదు.

తిరుగు ప్రయాణంలో స్వదేశపు విమానాశ్రయంలో దిగి, భార్య లావు ఫైలు గుండెకు అదుముకుని వరసలో నిలబడింది. వాళ్ళు హోటల్లో ఉండగానే నియమాలు ఎత్తేశారట. పాస్‌పోర్టు తప్ప ఏమీ అక్కర్లేదన్నాడు అధికారి.

"నయమైన సర్టిఫికెట్ ఉందండీ."

"అక్కర్లేదమ్మా."

"టీకాది? పేరు కూడా సరిచేయించాం."

"అక్కర్లేదమ్మా, వెళ్ళొచ్చు."

"ఒక్కటైనా చూడండి సార్" అంది ఆమె. ఆ గొంతులోని బాధకు అధికారి కరిగిపోయి ఫైలు అందుకున్నాడు. నాలుగు కాగితాలు తిప్పి, "చాలా చక్కగా పెట్టుకున్నారమ్మా" అన్నాడు. ఆమె ముఖం వెలిగిపోయింది.

ఇదంతా జరిగి చాన్నాళ్ళయింది. లిఫ్టాయన ఇప్పటికీ తలుపుల మీద చెయ్యి ఆనించి వింటూనే ఉన్నాడు. ఈ ఏడు మళ్ళీ ఎక్కడికైనా వెళ్దామని భార్య అంది. కొండలకు వెళ్దామని ఆయన. మెట్లెక్కలేను, నది ఉన్న ఊరే కావాలని అత్తగారు. "నీ మోకాళ్ళకేం అత్తయ్యా, సముద్రంలో గంతులేశావు" అని ఆయన. "నీళ్ళు మోస్తాయి, కొండ మోస్తుందా? ఆమాత్రం తెలీదూ?" అని ఆవిడ. ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతూ, ఎవరి మాట ఎవరూ వినకుండా, వంటింటి బల్లకు చెరో పక్కా కూర్చుని గొంతులు పెంచుకుంటున్నారు. మధ్యలో చోటు దొరకని భార్య టీ కప్పు పట్టుకుని, నవ్వుకుంటూ వసారాలోకి వెళ్ళి కూర్చుంది.